పక్కన పెట్టిన అల్లిక గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఐదు అల్లికలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయలేకపోతున్నానని, నీకు నిలకడ లేదేమోనని బాధపడుతూ రాశావు. అలా అనుకోకమ్మా. ఒకే స్వెటర్‌ను నెలల తరబడి అల్లితే ఎవరికైనా చేతులు నొచ్చుతాయి, మనసు విసుగుతుంది. రెండు మూడు పనులు పక్కపక్కన నడపడం మంచి అలవాటే. నలభై ఏళ్లుగా సూదులు పట్టిన అనుభవంతో చెబుతున్నాను, అల్లికలు సగంలో నిలిచిపోయేది ఎక్కువగా మనం వాటిని పక్కన పెట్టే తీరు వల్లనే.

ఐదు మాత్రం ఎక్కువ. మూడు చాలు, ఆ మూడూ ఒకదానికొకటి పోలిక లేనివై ఉండాలి. ఒకటి, మాట్లాడుతూ కూడా అల్లగలిగే సాదా మఫ్లర్ వంటిది. ఇంకొకటి, ప్రతి వరుసా లెక్కపెట్టుకోవలసిన లేసు శాలువా వంటిది. మూడవది, సంచీలో పట్టే చిన్న పని. లెక్క పెట్టవలసినవి రెండు ఒకేసారి పెట్టుకుంటే ఒకదాని వరుస మరొకదానిలోకి వస్తుంది. సూదుల లావు కూడా వేరువేరుగా ఉండేలా చూసుకో. అప్పుడు వేళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, ఒక పనిలోని సూదులు లాగి మరొకదానికి వాడాలనే ఆశా కలగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎంత తొందరలో ఉన్నా వరుస మధ్యలో ఆపవద్దు. తప్పనిసరై ఆపితే, తిరిగి పట్టుకునేటప్పుడు ఉండ నుంచి వచ్చే ఊలు ఏ సూది మీది కుట్టుకు తగిలి ఉందో చూసి, ఆ సూదిని కుడిచేతిలోకి తీసుకో. అది గమనించక ఎడమచేత పట్టుకుంటే వెనక్కి అల్లుకుంటూ పోయి, చివరిదాకా వెళ్లని పొట్టి వరుసల వల్ల బట్టలో గుంట పడుతుంది. ఆపిన వెంటనే ఒక కాగితం మీద సూది కొలత, పూర్తయిన వరుస సంఖ్య, తరువాతి వరుస నిట్టా పర్లా (సూటి కుట్టా తిరగ కుట్టా) అన్నది, నమూనాలో నువ్వు సొంతంగా చేసిన మార్పులు రాసి, ఊలు లేబుల్‌తో కలిపి అదే సంచీలో ఉంచు. లేబుల్ మీది రంగు లాట్ సంఖ్య, అంటే ఏ విడతలో రంగు వేసిన ఊలో తెలిపే గుర్తు, లేకుండా తరువాత మరో ఉండ కొంటే, పాత ఉండతో ఛాయ కలవకపోవచ్చు. రాసేది ఎప్పుడూ పూర్తయిన వరుసే కావాలి. ఒకరోజు పూర్తయినది, మరొకరోజు అల్లబోయేది రాస్తే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

సూది కొలతను మిల్లీమీటర్లలోనే రాయమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే నేను ఈ విషయంలో నష్టపోయాను. ఒక స్వెటర్ సంచీలో '8వ నంబరు' అని మాత్రం రాసి, సూదులు తీసి వేరే పనికి వాడుకున్నాను. పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మి.మీ., అమెరికా లెక్కలో 5 మి.మీ. నెలల తరువాత 5 మి.మీ. సూదులతో కొనసాగించి, వీపు భాగం సగం అయ్యాక, అక్కడి నుంచి బట్ట వదులుగా వెడల్పయిందని గుర్తించి అంతా విప్పాను.

సూదులు అవే అయినా మన చేతి బిగువు మారుతుంది. 10 సెం.మీ.కు 22 కుట్లు పడే బిగువుతో 200 కుట్లు దాదాపు 91 సెం.మీ. వస్తాయి, అదే 24 కుట్లు పడితే 83 సెం.మీ.కు తగ్గుతాయి. రెండు కుట్ల తేడాకు చుట్టుకొలత ఎంత మారిందో చూడు! అందుకే చాలాకాలం తరువాత ఒక పనిని తిరిగి పట్టుకుంటే, ముందు అదే ఊలుతో చిన్న ముక్క అల్లి కొలిచి చూడాలి. జతగా ఉండేవాటి మధ్య వేరే పని రానివ్వకు. మొదటి మేజోడు ముగించిన రోజే రెండవదానికి కుట్లు ఎక్కించు. స్వెటర్ చేతులైతే, రెండు ఉండలు పెట్టి రెండింటినీ ఒకే పొడవాటి సూది మీద కలిపి అల్లితే పొడవూ బిగువూ సరిపోతాయి.

నెలలపాటు ఆగక తప్పని పనిని సూదుల మీద వదలకు. కుట్లన్నింటిలోంచి వేరే రంగు నూలు దారం దూర్చి సూదులు తీసేయి. సూది ఉన్నచోట కుట్లు సాగి గీత పడకుండా ఉంటుంది, సూదులూ ఖాళీ అవుతాయి. చిమ్మట పురుగులు ఊలును తింటాయి, మురికి, చెమట అంటిన చోట మరీ ఇష్టంగా తింటాయి. కనుక శుభ్రమైన చేతులతో మడిచి, మూత బిగించిన సంచీలో పెట్టి, అప్పుడప్పుడు తీసి చూస్తూ ఉండు.

నీ ఐదింటిలో చేతికి తీసుకోవాలని అనిపించనిది ఏదైనా ఉంటే విప్పేయి, అందులో తప్పేమీ లేదు. విప్పిన ఊలును కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఆరవేస్తే మెలికలు పోయి మళ్లీ అల్లడానికి పనికివస్తుంది. ఆ ఐదింటిలోని శాలువా మాత్రం విప్పవద్దు. ఇప్పటికి ఎన్ని వరుసలైనవో లెక్కపెట్టి, ఆ సంఖ్యను కాగితం మీద రాసి సంచీలో పెట్టి, నాకూ రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ