మేడ మీద బ్రాహ్మి పెంపకం

ప్రశ్న: బ్రాహ్మి అని చెప్పి నర్సరీలో ఇచ్చిన మొక్కకు గుండ్రటి ఆకులు ఉన్నాయి. అది సరస్వతి ఆకు అనీ, బ్రాహ్మి వేరనీ మా పక్కింటివారు అంటున్నారు. గతంలో తెచ్చిన చిన్న ఆకుల మొక్క ఎండలు ముదరకముందే ఎండిపోయింది. మేడ మీద బ్రాహ్మిని పెంచే పద్ధతి తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ పక్కింటివారి మాట నిజమే. పొడవైన కాడ చివర గుండ్రంగా, అంచులు నొక్కులు నొక్కులుగా ఉండే ఆకు సరస్వతి ఆకు, అంటే మండూకపర్ణి. రెండింటినీ బ్రాహ్మి పేరుతోనే అమ్మడం దేశమంతటా ఉన్నదే కనుక, కొనేటప్పుడు పేరును కాక ఆకును చూడాలి. మీరు కోరుకుంటున్న నీటిబ్రాహ్మికి, అంటే శాస్త్రజ్ఞులు బకోపా మొన్నియెరి అనే మొక్కకు, ఆకులు కాడ లేకుండా కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. అవి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించని పొడవుతో, చివర వెడల్పై, వేళ్లతో నొక్కితే దళసరిగా తగులుతాయి. ఆకు మొదట్లో సన్నని కాడకు ఒక్కొక్కటిగా పూసే తెల్లని పువ్వుకు అయిదు రేకులు, లేత నీలం ఛాయ ఉంటాయి.

మీ పాత మొక్క ఎండిపోవడానికి నీరు తగినంత నిలవకపోవడమే కారణమని నా అభిప్రాయం. కుండీ మొక్క అనగానే అడుగున రంధ్రాలు ఉండాలని, మట్టి ఆరాకే నీళ్లు పోయాలని మనకు అలవాటైన నియమం ఈ మొక్క విషయంలో తలకిందులవుతుంది. చెరువు అంచుల్లోనూ, వరి గట్ల పక్కనా పెరిగే ఈ మొక్క కాండంలో గాలి గదులు ఉండటం వల్ల వేళ్లు బురదలో మునిగి ఉన్నా వాటికి ప్రాణవాయువు అందుతుంది. కానీ ఆ బురద ఒక్క పూట పూర్తిగా ఆరిపోతే పైపైన పాకే వేళ్లు తట్టుకోలేవు.

కాబట్టి రంధ్రాలు లేని, లోతు తక్కువై వెడల్పు ఎక్కువైన ప్లాస్టిక్ తొట్టెను తీసుకోండి. రెండు పాళ్ల చెరువు మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ మాత్రం వద్దు. నిలువ నీటిలో అది కుళ్లి వాసన వేయడమే కాక వేళ్లను కూడా దెబ్బతీస్తుంది. విత్తనం నలుసంత ఉంటుంది కనుక దానికోసం వెతకనక్కరలేదు. నాలుగైదు కణుపులున్న కాండపు ముక్కలను, కనీసం రెండు కణుపులు మట్టిలోకి పోయేలా, జానెడులో సగం ఎడంగా పడుకోబెట్టినట్టు నాటితే చాలు, ప్రతి కణుపూ వేరు దిగుతుంది. మట్టి ఎప్పుడూ బురదగా ఉండాలే తప్ప పైన నీరు నిలవాలన్న నియమం లేదు. దోమల బెడద ఉన్నవారికి అదే మేలు. ఉదయపు ఎండ బాగా తగలనిచ్చి, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి ఆకుపచ్చ షేడ్‌నెట్ కప్పండి. నీడ మరీ ఎక్కువైతే కాండం సాగుతుంది, పూత తగ్గుతుంది. మిడతలు, గొంగళిపురుగులు కనిపిస్తే చేత్తో ఏరివేయడమే మంచిది, ఎందుకంటే దీని ఆకును మనం తింటాం.

ప్రశ్న: మా పంట కాలువ అంచున ఈ మొక్క దానంతట అదే అల్లుకుంది. కోసి పచ్చడి చేసుకోవచ్చా? పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మొక్క అదేనని తేల్చుకున్నా, నీరు ఎక్కడిదో తేల్చుకోనిదే కోయకండి. కాడ్మియం, సీసం, క్రోమియం వంటి లోహాలను నీటి నుంచి పీల్చి తనలో దాచుకునే గుణం బ్రాహ్మికి ఉందని పరిశోధనలు చూపాయి. మురికినీటిని శుద్ధి చేయడానికి ఈ మొక్కను పరిశీలించిందీ అందుకే. ఫ్యాక్టరీ నీరో, ఊరి మురుగో కలిసే కాలువ అయితే ఆకు ఎంత నిగనిగలాడినా, ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం లేదు. పొలాల మీద కొట్టిన మందులు దిగే గట్టుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అక్కడి నుంచి నాలుగు కాడలు తెచ్చి శుభ్రమైన మట్టిలో నాటుకుని, వాటి నుంచి కొత్తగా వచ్చిన చిగుళ్లనే వాడుకోవడం క్షేమం.

జ్ఞాపకశక్తి విషయానికి వస్తే, పెద్దవారిపై జరిగిన కొన్ని పరీక్షల్లో, ఆకుతో కాక నిర్ణీత మోతాదులో తయారైన సారంతో, అదీ దాదాపు 12 వారాలు వాడాక, కొంత మేలు కనిపించింది. పరీక్షల ముందు వారం రోజులు పచ్చడి పెట్టి మార్కులు ఆశించడం వృథా. కొందరికి వికారం, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. గర్భిణులు, పిల్లలు, ఇతర మందులు వాడేవారు వైద్యుని అడగకుండా తీసుకోకూడదు.

ప్రశ్న: అర ఎకరంలో సాగు చేస్తే లాభమా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: కొనేవారితో ముందుగా మాట్లాడుకున్నాకే దిగండి. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ప్రజ్ఞాశక్తి, సుబోధక్ అనే రకాలను విడుదల చేసింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది కనుక నారు గురించి అక్కడ విచారించవచ్చు. నీరు నిలిచే పల్లపు భూమి అనుకూలం. కలుపు తీయడానికే కూలీ ఎక్కువవుతుంది. నాటిన రెండున్నర, మూడు నెలలకు మొదళ్లు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసినదాన్ని నీడలో పలుచగా పరిచి ఆరబెట్టాలి; కుప్పగా పోస్తే మరునాటికే నల్లబడుతుంది, ఆ సరుకుకు ధర రాదు.