నీ ఎక్స్-రే వ్యాసం చదివాక

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఎక్స్ కిరణాలను కనిపెట్టిన రాంట్‌జన్‌కి ఒక పేజీ అంతా ఇచ్చావు. 1895, వూర్జ్‌బర్గ్, భార్య చేతి ఎముకలు, వేలికి ఉంగరం: రెండు వాక్యాలు చాలు. కిరణాలు పుట్టే ఎక్స్-రే గొట్టం లోపలి సంగతిని మాత్రం "ఎలక్ట్రాన్లు లోహాన్ని గుద్దుకుంటే కిరణాలు వస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పాఠకుడు నిలబడి చూడాల్సింది అక్కడే కదా!

ఒక ఎలక్ట్రాన్ వెంట నడుస్తూ రాయి. ఫిలమెంట్ అనే సన్నని లోహపు తీగ 2000 డిగ్రీలు దాటి కాగితే ఎలక్ట్రాన్లు ఊడి బయటికొస్తాయి. 80 కేవీ (కిలోవోల్టులు, అంటే 80 వేల వోల్టులు) పెడితే అవి కాంతి వేగంలో సగంతో వెళ్లి ఎదురుగా ఉన్న టంగ్‌స్టన్ పళ్లేనికి, అంటే యానోడ్‌కి, తగులుతాయి. ఆ శక్తిలో ఎక్స్ కిరణాలయ్యేది ఒక శాతం లోపే, తక్కినదంతా వేడి. ఒకేచోట పడితే టంగ్‌స్టన్ కూడా కరిగిపోతుంది కాబట్టి యానోడ్ పళ్లేన్ని నిమిషానికి 3000 సార్లో అంతకు మించో తిప్పుతారు. "ఊపిరి బిగపట్టండి" అన్నప్పుడు వినిపించే ఆ జుయ్యిమనే చప్పుడు పళ్లెం వేగం అందుకోవడమే. ఎక్స్-రే తీయించుకున్న వాళ్లలో చాలామంది విన్న చప్పుడది. దాంతోనే మొదలుపెట్టు.

కిరణాలు పుట్టే దారులు రెండు. ఎలక్ట్రాన్ కేంద్రకం పక్కగా పోతూ వంగి నెమ్మదిస్తుంది, పోగొట్టుకున్న శక్తి ఫోటాన్‌గా, అంటే ఒక కిరణపు పొట్లంగా, వస్తుంది. ఆ పోయేది కొంచెం కావచ్చు, మొత్తం కావచ్చు. అందుకే "80 కేవీ యంత్రం 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలిస్తుంది" అన్న నీ వాక్యం తప్పు. 80 అన్నది పైహద్దు, ఎక్కువ ఫోటాన్లు దానికి బాగా కిందే ఉంటాయి. మరీ బలహీనమైనవి చర్మంలోనే ఇంకిపోయి బొమ్మకు అక్కరకు రావు కనుక అల్యూమినియం రేకుతో ముందే వడకడతారు. రెండో దారిలో ఎలక్ట్రాన్ టంగ్‌స్టన్ పరమాణువు అన్నిటికంటే లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నేస్తుంది, ఆ ఖాళీలోకి పై కక్ష్య ఎలక్ట్రాన్ దిగుతూ ఫోటాన్‌ను వదులుతుంది. అలా తన్నేయడానికి 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 60 కేవీ దగ్గర ఆ దారి మూతే.

ఇక శరీరం. ఫోటాన్‌ను బురదలో దిగిన బాణంతో పోల్చావు. బాణం నెమ్మదిస్తుంది, ఫోటాన్ నెమ్మదించదు. చెట్టు కింద వాన అను: ఆకులకు తగిలిన చినుకులు పోగా మిగిలినవి నేలకు చేరతాయి. మెత్తని కణజాలంలో సుమారు 3 సెంటీమీటర్లకోసారి కిరణాలు సగమవుతాయి. 20 సెంటీమీటర్ల పొట్ట దాటేసరికి నూటికి ఒకటి మిగిలితే గొప్ప. "మాంసం కిరణాలను వదిలేస్తుంది" అని ఎలా రాశావు మరి?

ఎముకకీ మాంసానికీ తేడా తెచ్చేది కాంతి విద్యుత్ ఫలితం. పరమాణువు ఫోటాన్‌ను పూర్తిగా మింగేస్తుంది. గ్రాముకు గ్రాము లెక్కన ఈ మింగుడు దాదాపు పరమాణు సంఖ్య ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ సంఖ్య ఎముకలోని కాల్షియంకి 20, మాంసంలోని ఆక్సిజన్‌కి 8. రెండున్నర రెట్లు ఘనం చేస్తే పదిహేను దాటుతుంది. ఎముక తెల్లగా పడటానికి మూలం అదే. ఫోటాన్ శక్తి పెరిగితే ఈ మింగుడు వేగంగా పడిపోతుంది, కాంప్టన్ పరిక్షేపణానిది పైచేయి అవుతుంది. అందులో ఫోటాన్ దారి తప్పి, ఎముకా మాంసమా అన్న తేడా పెద్దగా చూపకుండా చెదిరి, బొమ్మను మసకబారుస్తుంది. అందుకే చేతికి 50-55 కేవీ చాలు. ఛాతీకి 110-125 పెడతారు, పక్కటెముకలు పలచబడి వాటి వెనక ఊపిరితిత్తి కనిపించాలని. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించు. కేవీ అంటే ఏమిటో పాఠకుడికి కంటితోనే తెలుస్తుంది.

చివరి పేరాలో "తీశాక రేడియేషన్ ఒంట్లో మిగులుతుంది" అన్న మాట కొట్టేయి. గొట్టంలో రేడియోధార్మిక పదార్థం ఏదీ లేదు. కరెంటు ఆగిందంటే కిరణాలూ ఆగాయి. ఎక్స్-రే తీసిన బిడ్డను తల్లి ఆ మరుక్షణమే ఎత్తుకోవచ్చని అక్కడ రాయి.