సందేహాలు – సమాధానాలు: బిరుదును రద్దు చేయవచ్చా?

సందేహం: సైకిల్ పందేల మీద వచ్చిన ఒక వ్యాసాన్ని మా అబ్బాయి చదివి వినిపించాడు. టూర్ డి ఫ్రాన్స్‌ను ఏడుసార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘నిషేధిత ఉత్ప్రేరకాలు వాడినట్లు ఒప్పుకోవడంతో బిరుదులు కోల్పోయాడు’ అని అందులో ఉంది. కింద ఇంకోచోట ఆయన్నే ‘మాజీ విజేత’ అన్నారు. బిరుదు అంటే సన్మాన సభలో ఇచ్చేది కదా! పందెంలో గెలిచిన దాన్ని బిరుదు అనవచ్చా? ‘టైటిల్’ అనే ఉంచేస్తే మేలా? తప్పు ఒప్పుకోవడాన్ని ‘నేరాంగీకారం’ అనాలా, ‘ఒప్పుకోలు’ అనాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: బిరుదు అంటే సన్మాన సభలో ఇచ్చేదని మీరు అనుకోవడంలో మీ తప్పేమీ లేదు. ఆ మాటను అక్కడికి దించింది మనమే. శాలువా, పూలదండ, జ్ఞాపిక, వాటితోపాటు ఒక బిరుదు. దానికి పోటీ ఉండదు, ఓడిపోయినవాడు ఉండడు, ఎందుకిచ్చారని అడిగేవాడు అసలే ఉండడు. ఆహ్వాన పత్రికల్లో పేరు కన్నా బిరుదులే పెద్ద అక్షరాల్లో కనబడుతున్నాయి. ఒకే ఊళ్లో ఒకే బిరుదు నలుగురికి ఉన్నా ఎవరికీ పట్టింపు లేదు. పూర్వం అలా కుదిరేది కాదు. ఒకడి బిరుదు ఇంకొకడు పెట్టుకున్నాడంటే వాళ్లిద్దరూ తలపడాల్సిందే.

మీరున్న కడప జిల్లాలోనే దీనికి ఎంతో పాత సాక్ష్యం ఉంది. రేనాటి చోళుడు పుణ్యకుమారుడు మాలెపాడు తామ్రశాసనంలో తన బిరుదులు చెప్పుకున్నాడు. పోర్ముఖరాముడు, పురుషశార్దూలుడు, మార్దవచిత్తుడు, మదనవిలాసుడు. వీటిలో నాకు ఇష్టమైనది మొదటిది. పోరు తెలుగు, ముఖం సంస్కృతం, రాముడు అందరివాడు. యుద్ధం ఎదుటపడితే రాముడంతటివాడు అని చాటింపు. అంటే బిరుదు ఉత్త పొగడ్త కాదు. ‘నేను ఇంతటివాణ్ని, కాదనేవాడు ముందుకు రా’ అనే సవాలు. బిరుదుబంటు అనే మాటలో ఆ వాసన ఇంకా ఉంది. సంస్కృత నిఘంటువులు బిరుద, విరుద అని రెండు రూపాలూ ఇస్తాయి గానీ, దక్షిణాది శాసనాల్లో దీని విస్తారం చూస్తే ఇది మన నేల మీద పుట్టి అటు వెళ్లిన మాటే అని నా పక్షం. ఒప్పుకోని పండితులూ ఉన్నారు.

విజయనగర రాజుల బిరుదుల్లో ఒకటి మీ ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది: ‘భాషెగె తప్పువ రాయర గండ’. మాట తప్పే రాజులకు మొగుడు అని అర్థం. గండ అంటే కన్నడంలో భర్త అనీ శూరుడు అనీ రెండర్థాలు. ‘వాడికి మొగుడు వీడు’ అని మనమూ అంటాం కదా, అదే తీరు. గండపెండేరంలో ఉన్న గండ కూడా ఇదే. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, నిలబెట్టుకోనివాడికి బుద్ధి చెప్పడం కూడా బిరుదు పెట్టుకోదగ్గ సంగతులుగా ఆ రోజుల్లో లెక్కకు వచ్చాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి తాను మందులు వాడలేదని అబద్ధమాడాడు, నిజం చెప్పినవాళ్ల మీద విరుచుకుపడ్డాడు. ఆ రాజుల లెక్కలో ఇది రెండో తప్పు, మందులు వాడిన మొదటిదాని కన్నా పెద్దది.

బిరుదు పోవడం గురించి మాట్లాడుకునేటప్పుడు శ్రీనాథుణ్ని తలవకపోతే ఎట్లా? విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో ఆయన గౌడ డిండిమభట్టుతో వాదానికి దిగి గెలిచాడు. ఆ ముచ్చట ఉన్న చాటుపద్యం తెలుగు చదివినవాళ్లందరికీ నోటికి వస్తుంది. అందులో రెండు పాదాలు మాత్రం ఇక్కడ చూద్దాం.

‘పగులగొట్టించి తుద్భట వివాద ప్రౌఢి
గౌడ డిండిమభట్టు కంచుఢక్క’

‘చంద్రభూష క్రియాశక్తి రాయల యొద్ద
పాదుకొల్పితి సార్వభౌమ బిరుదు’

మొదట ఆ ఢక్కను చూడండి. అది తోలు మోత కాదు, కంచు మోత. వాదంలో తనకు ఎదురు లేదని చాటడానికి ఆ పండితుడు మోగించుకునే వాద్యం. ఆయన పేరులోని డిండిమం కూడా వాద్యమే. అంటే పేరూ బిరుదూ వాద్యమూ ఒక్కటైపోయిన మనిషి. ఓడినవాణ్ని ‘నీ బిరుదు చెల్లదు’ అని కాగితం రాసిచ్చి పంపలేదు. అందరి ముందు ఢక్క పగలగొట్టారు. కంచు పగిలితే ఇక మోగదు. మళ్లీ ఎక్కడికైనా వెళ్లి వాయించుకుందామన్నా వీల్లేదు. బిరుదు పోవడం అంటే అది.

తరవాత ‘పాదుకొల్పితి’. పాదు అంటే మొక్క మొదట్లో నీళ్లు నిలవడానికి కట్టే గుండ్రటి గట్టు. మన తోటల్లో బత్తాయికీ నిమ్మకూ ఇవాళ్టికీ పాదులు చేస్తారు. బిరుదును తలకు తగిలించారని గానీ, మెడలో వేశారని గానీ అనలేదు శ్రీనాథుడు. నేలలో నాటినట్టు కుదురుకునేలా చేశావు అన్నాడు. ‘చేశావు’ అని నేను అన్నది గమనించండి. చాలామంది ఈ పద్యాన్ని ‘నేను పగలగొట్టించాను, నేను పాదుకొల్పాను’ అని శ్రీనాథుడి గొప్పగా చెబుతారు. ఆ ‘ఇతి’ ఉత్తమపురుషకూ పడుతుంది, మధ్యమపురుషకూ పడుతుంది. కానీ పద్యం సంబోధన శారదాంబకు. నైషధానికి పలుకుతోడయింది ఆమె. ‘ఎటుల మెప్పించెదో నన్ను’ అని సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో అడిగింది ఆమెనే. కాబట్టి ఢక్క పగలగొట్టించింది కవి కాదు, శారద. తన గెలుపులో ఇంకొకరి తోడు ఎంత ఉందో శ్రీనాథుడు పద్యంలోనే చెప్పేశాడు. గర్విష్ఠి అని పేరుపడ్డ కవి ఇంత వినయం చూపిన చోటు పట్టించుకోకుండా, క్రియాపదం పురుష చూసుకోకుండా, ఆయన్ను గొప్పలరాయుణ్ని చేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

అంచేత మీ ప్రశ్నకు మొదటి జవాబు: పోటీలో గెలిచినదాన్ని బిరుదు అనవచ్చు. నిజానికి సన్మాన సభ బిరుదు కన్నా అదే అసలు బిరుదు. అయితే ‘బిరుదులు కోల్పోయాడు’ అనే వాక్యం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సరిపోతుందా అంటే, నాకు అనుమానమే. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడు టూర్లు గెలిచాడు. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ అతని మీద జీవితకాల నిషేధం పెట్టి, 1998 ఆగస్టు 1 నుంచి వచ్చిన ఫలితాలన్నీ కొట్టేసింది. అక్టోబరు 22న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ తీర్పును అంగీకరించింది. ఆ ఏడేళ్ల టైటిళ్లు ఇంకెవరికీ ఇవ్వలేదు. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉన్నవాళ్లలో చాలామందికి కూడా ఏదో ఒక డోపింగ్ మచ్చ ఉంది మరి. విజేతల పట్టికలో ఆ ఏడు వరసలూ ఖాళీ. ఇంత జరిగాక, ఆ నవంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఇంట్లో సోఫా మీద పడుకుని ఒక ఫోటో పెట్టాడు. వెనక గోడకు ఏడు పసుపు జెర్సీలు, టూర్ విజేతకు దక్కేవి, ఫ్రేము కట్టించి, వరసగా ఉన్నాయి. ఢక్క పగలలేదన్నమాట. ఫలితం రద్దయింది, గుర్తు గోడ మీదే ఉంది. అందుకని ఇక్కడ ‘టైటిళ్లు రద్దు చేశారు’ అనడమే జరిగినదానికి దగ్గర. టైటిల్ అనే మాట మనవాళ్లు క్రికెట్ పుణ్యాన ఎప్పుడో సొంతం చేసుకున్నారు. దానికి నాకు పేచీ లేదు.

బిరుదు ఒకరి నుంచి ఇంకొకరికి మారిన సందర్భాలూ ఉన్నాయి. 2006లో ఫ్లాయిడ్ లాండిస్ టెస్టోస్టెరాన్ పరీక్షలో దొరికిపోతే, మరుసటి ఏడు ఆ టైటిల్ ఆస్కార్ పెరెయిరోకు పోయింది. 2010లో అల్బెర్టో కాంటడార్ గెలిచినదాన్ని క్లెన్‌బుటెరాల్ అనే నిషేధిత మందు కారణంగా 2012లో తీసి ఆండీ ష్లెక్‌కు ఇచ్చారు. శ్రీనాథుడు ఎదుటివాణ్ని ఓడించి బిరుదు తీసుకున్నాడు. వీళ్లు రోడ్డు మీద రెండోవాళ్లుగా వచ్చి, ఏళ్ల తరవాత పట్టికలో మొదటివాళ్లయ్యారు. వీళ్ల విషయంలో ‘గెలిచాడు’ అని రాయడానికి నాకు చెయ్యి రాదు. ‘టైటిల్ దక్కింది’ అనండి. దక్కడం అనే మాట ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే.

ఇక ఆ వ్యాసంలో అసలు తప్పు బిరుదు దగ్గర లేదు, ‘ఒప్పుకోవడంతో’ దగ్గర ఉంది. ఇది నన్ను నిజంగా నొప్పించింది. ‘వాన రావడంతో ఆట ఆగింది’ అంటే వాన ముందు, ఆట ఆగడం తరవాత, మొదటిది రెండోదానికి కారణం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఓప్రా విన్‌ఫ్రీ ముందు కూచుని ఒప్పుకున్నది 2013 జనవరిలో. టైటిళ్లు పోయింది అంతకు ముందటి అక్టోబరులో. ఒప్పుకోవడంతో పోలేదు, పోయాక ఒప్పుకున్నాడు. ఒక్క ‘తో’ కాలాన్నీ కారణాన్నీ రెంటినీ తలకిందులు చేసింది. పైగా, ఒప్పుకుంటే శిక్ష పడుతుందని, దాక్కుంటే తప్పించుకోవచ్చని చదివేవాడికి ఒక తప్పుడు లెక్క కూడా నేర్పుతోంది.

నిజానికి ఒప్పుకున్నా టైటిల్ పోనివాళ్లు ఉన్నారు. డెన్మార్క్‌కు చెందిన బ్యార్న్ రీస్ 1996 టూర్ గెలిచాడు. ఈపీఓ అనే నిషేధిత మందు వాడానని 2007 మేలో ఒప్పుకున్నాడు. అప్పటి నిబంధనల్లో చర్య తీసుకోవడానికి ఎనిమిదేళ్ల గడువు ఉండేది, అది దాటిపోయింది. నిర్వాహకులు కొంతకాలం అతని పేరు తీసేసి, 2008లో పక్కన ఒక గుర్తుతో మళ్లీ చేర్చారు. రీస్ మాత్రం, పసుపు జెర్సీ ఇంట్లో అట్టపెట్టెలో పడి ఉంది, కావాలంటే వచ్చి తీసుకుపోండి అన్నాడు. 1997 విజేత యాన్ ఉల్‌రిక్ కూడా 2013లో కొంత ఒప్పుకున్నాడు, ఆ టైటిల్ అతని పేరునే ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఆ గడువు ఎందుకు వర్తించలేదని అడగవచ్చు. తప్పును దాచిపెట్టడానికి అబద్ధాలు చెప్పినవాడికి గడువు రక్షణ ఉండదని అమెరికా సంస్థ వాదించింది. ఆ గడువు 2015 నుంచి పదేళ్లయింది.

మిగతావి టూకీగా చెబుతాను. నేరాంగీకారం కోర్టు మాట. చట్టం ప్రకారం నేరం అయితేనే వాడండి. ఆట నియమం తప్పడం అన్ని దేశాల్లోనూ నేరం కాదు. ఒప్పుకోలు మంచి మాట, కొనుగోలు, వీడ్కోలు లాగానే పుట్టింది. కానీ ‘ఒప్పుకోలు చేశాడు’, ‘ఒప్పుకోలు ఇచ్చాడు’ అని రాయకండి. ‘ఒప్పుకున్నాడు’ అనే క్రియ చేతిలో ఉండగా నామవాచకం పక్కన ఇంకో క్రియను తెచ్చి నిలబెట్టడం ఎందుకు?

ఉత్ప్రేరకం మాట ఇంకా ఘోరం. పదో తరగతి పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు, తాను మారకుండా రసాయన చర్య వేగాన్ని మార్చేది ఉత్ప్రేరకం అని. ఈపీఓ చేసే పని వేరు. అది ఎముకల్లోని మజ్జ చేత ఎర్ర రక్తకణాలు ఎక్కువగా తయారు చేయిస్తుంది, దానితో కండరాలకు ఎక్కువ ఆక్సిజన్ అందుతుంది. తన రక్తాన్నే ముందుగా తీసి దాచుకుని పందెం ముందు మళ్లీ ఎక్కించుకోవడమూ డోపింగే. సొంత రక్తం ఏ లెక్కన ఉత్ప్రేరకం? నిషేధిత మందు అనండి, లేదా డోపింగ్ అనే ఉంచండి. ‘మందు తీసుకున్నాడు’ అని మాత్రం విడిగా రాస్తే మన ఊళ్లలో వేరే అర్థం వస్తుంది, ముందు ‘నిషేధిత’ ఉండాల్సిందే.

మాజీ అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, గడిచినది అని అర్థం. పదవికి కాలం ఉంటుంది కాబట్టి మాజీ ఎమ్మెల్యే సరే, మాజీ ఛాంపియన్ కూడా సరే. గెలుపుకు కాలం తీరదు. 1986లో గెలిచినవాడు ఇవాళ్టికీ 1986 విజేతే. కాబట్టి ‘మాజీ విజేత’ నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో అది మరీ తప్పు, ఎందుకంటే పట్టిక ప్రకారం అతను ఒకప్పటి విజేత కూడా కాదు.

మన సీమలో చేతిలోది లాక్కోవడాన్ని ‘పెరుక్కోవడం’ అంటారు. ‘ఏడు టైటిళ్లూ పెరుక్కున్నారు’ అంటే ప్రొద్దుటూరులో ఎవరికైనా సూటిగా తగులుతుంది. వార్తలో ‘రద్దు చేశారు’ అని రాసినా, వ్యాసంలో ఈ మాట వాడుకోవడానికి నాకు అభ్యంతరం కనిపించదు. బిరుదు అనే రాస్తానంటారా, రాయండి, తప్పు పట్టను. రీస్ లాంటి వాళ్ల దగ్గర మాత్రం నాకూ ఒక నిర్ణయం కుదరడం లేదు. పట్టిక విజేత అంటోంది కాబట్టి ‘1996 విజేత’ అనే రాసి, 2007లో ఒప్పుకున్న సంగతిని అదే వాక్యంలో చేర్చడం ప్రస్తుతానికి మేలనిపిస్తోంది.