ఇంట్లో కట్టుకునే చెక్క నావలో సామాను అరలు ఎలా పెట్టుకోవాలి? మేం చేసి, విప్పి, మళ్లీ చేసింది

మీ ప్రశ్న చదివాను. 18 అడుగుల చెక్క నావ ఇంటి దగ్గరే కట్టుకుంటున్నారు, పలకలు వేయడం అయిపోయింది. వల, ఐస్, డీజిల్, పనిముట్లు పెట్టుకోవడానికి ముక్కు కింద ఒక అర, వెనక బల్ల కింద రెండు పెట్టెలు కట్టాలనుకుంటున్నాను, సరిపోతుందా అని అడిగారు. ఆ వెనక రెండు పెట్టెల పని మాత్రం ఇప్పుడే ఆపండి. నేను సరిగ్గా అదే చేసి, ఏడాదిన్నరకి మొత్తం విప్పాల్సి వచ్చింది.

మాది అంతర్వేది వైపు. వశిష్ఠ గోదావరిలో, మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, మా మావయ్య చిన్నప్పటినుంచీ చేపల వేట చేస్తున్నారు. 2015లో ఆయన, మా ఊరి వడ్రంగి బాబాయి, నేను కలిసి 17 అడుగుల నావ కట్టుకున్నాం. నావ ఒళ్లంతా వాళ్లిద్దరి పనే. టేకు పలకలు, పలకల్ని లోపలనుంచి పట్టి ఉంచే వంపు కట్టెలకి నల్లతుమ్మ. నేను అంతకుముందు నాలుగేళ్లు రాజమండ్రిలో ఫర్నిచర్ పని చేశాను కాబట్టి లోపలి అరలు నాకు వదిలేశారు. నేను ఇంట్లో కిచెన్ కబోర్డులు ఎలా చేస్తానో అలాగే చేశాను. తలుపు గట్టిగా పట్టాలి, సందు కనపడకూడదు, ఇత్తడి బందులు, ఇత్తడి గొళ్లెం. చూడ్డానికి చాలా బాగుండేది. రేవులో అందరూ వచ్చి చూసేవాళ్లు.

ముందు బరువు సంగతి. నావ వెనక ఇప్పటికే ఇంజన్ ఉంటుంది, దాన్ని నడిపే మనిషి ఉంటాడు, కాళ్ల దగ్గర డీజిల్ డబ్బా ఉంటుంది. 20 లీటర్ల డబ్బా నిండా ఉంటే సుమారు 17 కిలోలు. దానికి తోడు మీరు రెండు పెట్టెలు పెడితే వాటిలోకి లంగరు, తాళ్లు, పానాలు, సీసం గుళ్లు అన్నీ చేరతాయి. ఖాళీ ఉన్న చోటల్లా సామాను చేరుతుంది, ఇంట్లో అటక ఎలాగో ఇదీ అంతే. ఏతం మీద మనిషి చివరికి నడిచేకొద్దీ బరువు ఎలా పెరుగుతుందో చూసే ఉంటారు. మధ్యనుంచి 8 అడుగుల దూరంలో పెట్టిన 20 కిలోలు, 2 అడుగుల దూరంలో పెట్టిన 80 కిలోలంత వంచుతాయి. మా నావ ఖాళీగా ఉన్నప్పుడు వెనక అంచు నీళ్లకి 14 అంగుళాల ఎత్తులో ఉండేది. నా పెట్టెలు నిండాక 9 అంగుళాలే మిగిలింది. ముక్కు గాల్లోకి లేచి, పక్క గాలికి నావ ఊరికే తిరిగిపోయేది. మావయ్య ఏమీ అనకుండా రోజూ సామానంతా మధ్యకి జరుపుకుని వెళ్లేవారు. అది చూసినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

అందుకని ఒక్క మేకు కొట్టకముందు ఈ పని చేయండి. నావని నీళ్లలో దించి, ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక 20 కిలోల చొప్పున నింపి, మీరు ఎక్కడెక్కడ ఏ సామాను పెడదామనుకుంటున్నారో అక్కడ అంత బరువు పెట్టండి. ఇంజన్ దగ్గర మనిషిని కూర్చోబెట్టండి. ముక్కు దగ్గర, మధ్యలో, వెనక, రెండు పక్కలా అంచునుంచి నీళ్లదాకా టేపుతో కొలిచి రాసుకోండి. సంచులు జరిపి మళ్లీ కొలవండి. మాకు ఒక పూట పట్టింది. అన్నిటికంటే బరువైన ఐస్ పెట్టె నేననుకున్న చోటుకి రెండడుగులు ముందుకు, అంటే నడిమధ్యకి కాస్త ముందు కూర్చుంటే నావ సమంగా నిలబడింది. అది కాగితం మీద లెక్కకి తేలేది కాదు. ప్రతి నావ ఒళ్లూ వేరే.

రెండోది నీళ్లు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ముక్కు కింద అర గాలి చొరకుండా మూసేశాను. ఒక్క చుక్క లోపలికి పోకూడదని పట్టుదల. కానీ నీళ్లు పోతాయి. తడి తాడు లోపల పెడతాం, చెమ్మ పడుతుంది, వాన కురిస్తే పైపలక సందులోంచి దిగుతుంది. పోయిన నీళ్లు బయటికి రావడానికి దారి లేదు, ఆరడానికి గాలి లేదు. రెండో వేసవిలో వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే ఆ 61 రోజుల్లో, నావని గట్టెక్కించి రంగు వేద్దామని ఆ అరకి కింద వేసిన పలక ఊడదీశాం. మగ్గిన వాసన కొట్టింది. కింద ఉన్న వంపు కట్టె మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే చాలు, తడి రొట్టెలోకి దిగినట్టు అంగుళం దిగింది. అదేమో నల్లతుమ్మ! పక్కనే తెరిచి ఉన్న కట్టె రాయిలా ఉంది. బాబాయి చాలాసేపు దాన్ని వేలితో తడుముతూ కూర్చున్నారు.

అప్పుడు ఆయన చెప్పిన మాట ఇది: ఉప్పునీళ్లకంటే వాన నీళ్లే చెక్కకి ఎక్కువ చేటు. నిజమే. చెక్కని కుళ్లబెట్టే బూజు ఉప్పులో అంత తేలిగ్గా పెరగదు. మంచినీటి చెమ్మ, గాలి ఆడని చోటు, వెచ్చదనం మూడూ దొరికితే ఇక ఆగదు. చెక్కలో చెమ్మ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది పట్టదు. కాబట్టి మీ పని నీళ్లని ఆపడం కాదు, వచ్చిన నీళ్లని పంపేయడం, తర్వాత ఆరనివ్వడం.

ఇప్పుడు మా నావలో ఏ పెట్టే అడుగు పలకలకి ఆనదు. అంగుళంన్నర ఎత్తులో అడ్డకట్టెల మీద కూర్చుంటుంది. పెట్టెల్ని నావ ఒంటికి వేసిన పలకలకి బిగించొద్దు, వంపు కట్టెలకే బిగించండి. పలకలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండకి ముడుచుకుంటాయి. వాటిని కదలనివ్వాలి. పైగా పలకలో దించిన ప్రతి స్క్రూ రేపు నీళ్లు కారే కంత. వంపు కట్టెల కింది అంచులో బొటనవేలు పట్టేంత కంతలు ఉండాలి, ముక్కు దగ్గర చేరిన నీళ్లు కూడా వెనక తోడే చోటికి వచ్చేయాలి. ఆ కంతలు చేప పొలుసులతో, ఇసుకతో పూడుకుపోతాయి. అందుకు ఒక ఉపాయం: కంతలన్నిటిలోంచి ముక్కునుంచి వెనకదాకా ఒక నైలాన్ తాడు దూర్చి వదిలేయండి. వారానికోసారి ఇటూ అటూ నాలుగుసార్లు లాగితే దారి శుభ్రం. బరమాతో ఇప్పుడు పది నిమిషాల పని, అరలు కట్టేశాక చెయ్యి కూడా దూరదు.

అరల తలుపులకి బందులు పెట్టకండి. పూర్తిగా ఎత్తి పక్కన పెట్టగలిగే మూతలు చేయండి. అర నోటి చుట్టూ అంగుళంన్నర ఎత్తు గట్టు కట్టి, మూత దాని మీదనుంచి కిందికి దిగేలా చేస్తే, పైన నీళ్లు పారినా లోపలికి పోవు. ఎదురెదురు పక్కల పైభాగాన, గట్టు నీడలో రెండేసి గాలి కంతలు పెట్టండి. మూత ఎగిరిపోకుండా పాత సైకిల్ ట్యూబు పట్టీలు చాలు. మూత నీళ్లలో పడిపోకుండా ఒక చిన్న తాడు కట్టుకోండి.

గొళ్లెం ఎందుకు వద్దంటున్నానో వినండి. 2016 ఆగస్టులో గోదాట్లో వరద ఎర్రనీళ్లు వస్తున్న రోజులు. సముద్రంలో ఇలసగా ఉండే చేప గోదాట్లోకి ఎక్కి పులస అయ్యే కాలం. మావయ్య వల వదులుతున్నారు, నేను ఇంజన్ దగ్గర ఉన్నాను. వల జారుతూ జారుతూ నా ఇత్తడి గొళ్లేనికి ఒక కన్ను తగులుకుంది. ఒక్క కన్నే. క్షణంలో వల బిగిసిపోయి, నావ అడ్డం తిరిగింది, వరద పక్కనుంచి తోస్తోంది, అంచు మీంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. మావయ్య "కత్తి, కత్తి" అని అరుస్తున్నారు. కత్తి అదే పెట్టెలో ఉంది, ఆ గొళ్లెం వెనకే. చివరికి నేను చేత్తో పట్టి లాగితే గొళ్లెం స్క్రూలతో సహా ఊడి వచ్చింది, అరచెయ్యి తెగింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఆ రోజు ఇంకో నిమిషం ఆలస్యమైతే ఈ జవాబు రాసే పరిస్థితి ఉండేది కాదు.

కాబట్టి వల జారే దారిలో పైకి పొడుచుకొచ్చేది ఏదీ ఉండకూడదు. స్క్రూ తలలు లోపలికి దించి లప్పం పెట్టండి, చేతిపిడులకి బదులు తాడు ఉంగరాలు, పెట్టెల మూలలన్నీ ఆకురాయితో గుండ్రంగా. పని అయ్యాక ఒక పాత నైలాన్ వల ముక్క తీసుకుని నావ లోపలంతా ఈడ్చి చూడండి, ఎక్కడ తగులుకుంటే అక్కడ మళ్లీ రుద్దండి. కత్తి మాత్రం తెరిచిన ఒరలో, కూర్చున్న చోటునుంచి చేతికందేలా ఉండాలి. లైఫ్ జాకెట్లూ అంతే, మూత కింద పెట్టొద్దు.

వలకి పెట్టె అక్కర్లేదు. పైన తెరిచి, అడుగున బద్దీలు వేసిన తొట్టి చాలు. తడి వల నీళ్లు కారిపోవాలి, గాలి తగలాలి. ఎండకి నైలాన్ బలం తగ్గుతుంది కాబట్టి పైన పట్టా కప్పుకోండి.

ఐస్ పెట్టె సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చేప ధర దాని మీదే ఉంది. మా పెట్టె లోపలి కొలత రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగుంపావు లోతు. సుమారు 130 లీటర్లు. 40 కిలోల చేప, 40 కిలోల ఐస్ పడతాయి. మన వేడికి చేప ఎంతో ఐస్ అంత అన్న లెక్క తగ్గించొద్దు. మొదట థర్మోకోల్ పెట్టాను, రెండేళ్లకి తీసి చూస్తే మెల్లగా నీళ్లు పీల్చి బరువెక్కింది, ఐస్ కూడా తొందరగా కరిగేది. రెండోసారి 50 మిల్లీమీటర్ల పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ వేసి, లోపల వైపు ఫైబర్‌గ్లాసు పూత పట్టించాం. మూతలో కూడా అంతే మందం ఫోమ్ పెట్టండి, చాలామంది మూతని వదిలేస్తారు. ఎండ సూటిగా పడేది మూత మీదే. దాని మీద తడి గోనెపట్టా వేస్తే ఇంకా మంచిది. అడుగున ఒక మూలకి కాస్త వాలు ఇచ్చి, బిరడా ఉన్న గొట్టం పెట్టండి. కరిగిన నీళ్లు లోపల నిలిస్తే చేప మెత్తబడుతుంది, పైగా ఆ నీళ్లు నావతో పాటు ఇటూ అటూ ఊగుతూ నావని ఇంకా ఊపుతాయి. ఆ గొట్టం నావ అడుగులోకి వదలకండి, బకెట్లోకి పట్టండి. లేకపోతే రక్తం నీళ్ల కంపు చెక్కకి పట్టి వదలదు. పులస లాంటి మెత్తటి చేపని లోతుగా పేర్చకండి, రెండు వరసలు దాటితే కిందిది నలిగిపోతుంది. మండపీతలు పడితే ఐస్‌లో వేయొద్దు, కాళ్లు కట్టి తడి గోనెలో నీడన పెడితే ఒడ్డుకి బతికే వస్తాయి, బతికున్న పీతకే ధర.

సరుకు విషయం. పాత పెంకుటిళ్లు పడగొట్టే చోట టేకు దొరుకుతుంది, అరలకి అది చాలు. మామిడి చెక్క చవకని వాడొద్దు, తొందరగా పోతుంది. ప్లైవుడ్ అయితే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైనే తీసుకోండి, మూతలకి 9 మిల్లీమీటర్లు సరిపోతుంది. కోసిన అంచులకి ఎపాక్సీ మూడుసార్లు పట్టించండి, ప్లై నీళ్లు తాగేది అంచుల్లోంచే. స్క్రూలు స్టెయిన్‌లెస్ 316 గ్రేడ్, ఉప్పు గాలికి 304 మీద మచ్చలు పడి తినేస్తుంది. జీడిపిక్క నూనె పూస్తారు కదా, అది నావ బయటి వైపుకే. చర్మం మీద పడితే బొబ్బలొస్తాయి, చేప పెట్టే చోట అస్సలు వద్దు.

మీరు వెనక బల్ల కింద అనుకున్న చోటు వృథా కాదు. అక్కడా, ముక్కు కిందా ఖాళీ 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు బిరడాలు బిగించి, వల ముక్కలో చుట్టి కట్టేయండి. లీటరు ఖాళీ ఒక కిలోని తేలుస్తుంది. ఆరు డబ్బాలు అంటే 120 కిలోలు. నావ నిండా నీళ్లొచ్చినా ఇంజన్ బరువుకి మునిగిపోదు, పట్టుకుని వేలాడొచ్చు. కొంతమంది ఆ ఖాళీలో ఫోమ్ పోసేస్తారు. నేను వద్దంటాను, దాని వెనక చెక్క కుళ్లినా కనపడదు. డబ్బాలైతే విప్పి తీసి, వేసవిలో నెలరోజులు అంతా ఎండబెట్టుకోవచ్చు. మేం ఏటా నిషేధం రోజుల్లో మూతలన్నీ తీసి, పెట్టెలు బయట పెట్టి, ప్రతి వంపు కట్టెనీ స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తున్నాం. 2017లో మార్చిన కట్టె ఇప్పటికీ కంగుమని మోగుతోంది.

మీరు ఇసుక సంచుల కొలత తీసుకున్నాక ముందు ఎన్ని అంగుళాలు, వెనక ఎన్ని, మధ్య వెడల్పు ఎంత, ఇంజన్ ఏది అన్నది కింద రాయండి. ఐస్ పెట్టె ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో మావయ్యని కూడా అడిగి చెప్తాను.