అత్తమామలు, పిల్లలు, మూడు కుటుంబాలు కలిసి వెళ్లాలంటే: స్టేట్ పార్క్ లాడ్జా, అద్దె ఇల్లా?

ఇండియా నుంచి అత్తమామలు వచ్చారని, మామయ్యగారికి మోకాళ్ల నొప్పులని, మీ మరుదుల కుటుంబాలతో కలిసి ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి దగ్గర్లో రెండు రాత్రులు గడపాలనుకుంటున్నారని రాశారు. స్టేట్ పార్క్ లాడ్జ్ (రాష్ట్ర ప్రభుత్వ పార్కులో ఉండే హోటల్) మంచిదా, పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోవడం మంచిదా అని అడిగారు. నా ఓటు లాడ్జ్‌కే. మేమూ మీలాగే అత్తమామలు, బావగారి కుటుంబం, ఆడపడుచు కుటుంబం, అందరి పిల్లలతో మే నెలలో, కొలంబస్‌కి దగ్గర్లోని హాకింగ్ హిల్స్ స్టేట్ పార్క్ లాడ్జ్‌కి వెళ్లాం.

దానికి ముందు వేసవిలో ఇంకో ఊళ్లో పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇల్లు చాలా బాగుంది, కానీ పొద్దున్న ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పకోడీలు, రాత్రి చపాతీలు అంటూ మా తోడికోడలు, నేను, అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. అత్తయ్య ఏడాది తర్వాత కొడుకులను, మనవలను చూసుకోవడానికి వస్తే ఆమెను స్టవ్ దగ్గర నిలబెట్టడం నాకు నచ్చలేదు. వంటిల్లు ఉన్నచోట మనవాళ్లు వండకుండా ఉండలేరు. లాడ్జ్‌లో ఆ ప్రశ్నే రాదు. ఉదయం రెస్టారెంట్‌లో ఆమ్లెట్లు, పాన్‌కేకులు, పండ్లు దొరుకుతాయి. పక్కలు సర్దే పని కూడా మనది కాదు.

అలాగని రెండు రోజులు మన తిండి లేకుండా పెద్దవాళ్లు ఉండలేరు కదా. అందుకు మేం చేసింది చెబుతాను. పెద్దవాళ్లకు, చిన్నపిల్లలున్న ఆడపడుచు వాళ్లకు లాడ్జ్‌లో గదులు తీసుకున్నాం. వాటితో పాటు అదే పార్కులో విడిగా ఉండే చిన్న ఇళ్లు, అంటే కేబిన్లలో ఒకటి కూడా బుక్ చేశాం. రెండు పడక గదులు, పూర్తి వంటిల్లు ఉంటాయి, ఆరుగురు పడుకోవచ్చు. బావగారి వాళ్లు అక్కడ ఉన్నారు, రాత్రి భోజనాలు అందరికీ అక్కడే. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, చపాతీలు, వేయించిన కారప్పొడి ఇంటి నుంచే తీసుకెళ్లాం. అక్కడ అన్నం మాత్రమే వండాం. బియ్యం, పెరుగు లాంటివి అయిపోతే పార్కుకు దగ్గర్లోని లోగన్ ఊళ్లో క్రోగర్, వాల్‌మార్ట్ దుకాణాలు ఉన్నాయి. మన సరుకులు మాత్రం కొలంబస్‌లోనే కొనుక్కుని బయల్దేరండి.

లాడ్జ్ గదిలో రైస్ కుక్కర్ పెట్టే ఆలోచన మానుకోండి. పొగ అలారం మోగితే అంతమంది రాత్రిపూట బయటికి పరుగెత్తాలి. అగరువత్తులు, దీపం కూడా గదిలో వెలిగించకూడదు. ఇది అత్తయ్యగారికి బయల్దేరే ముందే చెప్పండి, అక్కడికెళ్లాక చెబితే ఆవిడ మనసు కష్టపడుతుంది. మా అత్తయ్య చిన్న బ్యాటరీ దీపం తెచ్చుకుని, దాని ముందే విష్ణు సహస్రనామం చదువుకున్నారు. డికాక్షన్ మాత్రం ఫ్లాస్కులో తీసుకెళ్లండి. జెట్ లాగ్ వల్ల పెద్దవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు, ఆ వేళకు రెస్టారెంట్ తెరిచి ఉండదు.

ఇప్పుడు మోకాళ్ల సంగతి. ఈ పార్కునే ఎంచుకోమనడానికి అసలు కారణం ఇదే. ఇక్కడి పాత డైనింగ్ లాడ్జ్ 2016 డిసెంబరులో మంటల్లో కాలిపోయింది. దాని స్థానంలో కట్టిన లాడ్జ్‌ను 2022లో తెరిచారు. కొత్త భవనం కాబట్టి పెద్దవాళ్లకు మెట్ల గొడవ లేదు. అయినా బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీలు ఉండి, టబ్ ఎక్కి దిగే పని లేని గది కావాలని అడగండి. అలాంటి గదులు తక్కువ ఉంటాయి, ముందు అడిగినవాళ్లకే దొరుకుతాయి. లోపల, బయట కూడా ఈత కొలనులు ఉన్నాయి, వర్షం పడినా పిల్లలకు లోటుండదు.

చూడాల్సినవి చాలా ఉన్నా, మామయ్యగారిని ఈ పార్కులోని యాష్ కేవ్‌కి (అంటే బూడిద గుహ) తప్పకుండా తీసుకెళ్లండి. పావు మైలు దారి, చదునుగా, గట్టిగా వేసి ఉంది. వీల్‌చైర్ కూడా వెళ్తుంది. చెట్ల మధ్య నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా సుమారు 700 అడుగుల వెడల్పు, 90 అడుగుల ఎత్తున్న రాతి చూరు కిందికి వస్తారు. పైనుంచి సన్నని జలపాతం పడుతుంటుంది. తొలినాళ్లలో ఇక్కడికొచ్చిన వలసదారులకు పెద్ద బూడిద కుప్ప కనబడిందట, అందుకే ఆ పేరు. అంతకుముందు ఇక్కడ ఉన్న ఆదివాసులు తరతరాలుగా వేసుకున్న మంటల బూడిద అంటారు. మా మామయ్య అక్కడ రాతి మీద కూర్చుని, పిల్లలు ఇసుకలో ఆడుతుంటే, లేద్దామన్నా లేవలేదు. అమెరికాలో ఆయనంత తృప్తిగా కూర్చోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. వేసవి చివర్లో నీళ్లు బాగా తగ్గిపోతాయి కాబట్టి జలపాతాలు చూడాలంటే వసంతంలో వెళ్లడమే మేలు. అక్టోబరులో ఆకుల రంగులు అద్భుతంగా ఉంటాయి, కానీ జనం తిరునాళ్లలా ఉంటారు, రేట్లూ పెరుగుతాయి.

ఇదే పార్కులోని ఇంకో గుహ, ఓల్డ్ మ్యాన్స్ కేవ్ మాత్రం మామయ్యగారికి వద్దు. మెట్లు ఎక్కువ, రాళ్లు తడిగా జారుతుంటాయి. పైగా దారి వన్ వే, సగంలో నొప్పి మొదలైతే వెనక్కి తిరగడం కుదరదు. పెద్దవాళ్లను విజిటర్ సెంటర్ దగ్గర కూర్చోబెట్టి, తోడుగా ఒకరుండి, మిగతావాళ్లు వెళ్లిరావచ్చు. పిల్లల చెయ్యి వదలకండి. దారి దాటి కొండ అంచుల దగ్గరికి వెళ్లినవాళ్లు పడి చనిపోయిన సంఘటనలు ఇక్కడ ఉన్నాయి. ఫోటో కోసం కూడా దారి దిగనివ్వకండి. తిరిగొచ్చాక పిల్లల కాళ్లు, మెడలు, చెవుల వెనక పేలలాంటి టిక్ పురుగులు ఏమైనా పట్టుకున్నాయేమో చూడండి.

రాత్రి వీలైతే నక్షత్రాలు చూడటానికి జాన్ గ్లెన్ ఆస్ట్రానమీ పార్క్‌కి వెళ్లండి. 2018లో తెరిచారు, లాడ్జ్ నుంచి కారులో కాసేపే. అక్కడి చీకటి కొలంబస్‌లో ఊహించలేం. మే నెల రాత్రుల్లో సప్తర్షి మండలం బాగా పైకి ఉంటుంది. మామయ్య పిల్లలకు వసిష్ఠుణ్ణి, పక్కనే మిణుకుమనే అరుంధతిని చూపించారు. పెళ్లిలో పురోహితుడు చూపిస్తే ఎవరికీ కనబడని నక్షత్రాన్ని మా తోడికోడలు మొదటిసారి నిజంగా చూసింది. ఇంకో విషయం, మనవైపు రోజులో కొంతసేపు అస్తమించే అరుంధతి ఒహాయో ఉన్న అక్షాంశంలో ఎప్పుడూ అస్తమించదు. మే నెలలో చీకటి పడేసరికి పది దాటుతుంది, కాబట్టి చిన్నపిల్లలను ఆ మధ్యాహ్నం పడుకోబెట్టండి. స్వెట్టర్లు కూడా తీసుకెళ్లండి, రాత్రి చలేస్తుంది.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎన్నింటికి ఎక్కడ కలవాలో పొద్దున్నే అందరూ అనుకుని బయల్దేరండి. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కార్డు ఒకే సంచిలో మీ దగ్గర పెట్టుకోండి. లోగన్‌లో ఆసుపత్రి ఉంది.

ఖర్చు గురించి కూడా అడిగారు కదా. ఒహాయో స్టేట్ పార్కుల్లో ప్రవేశ రుసుము లేదు, బస, తిండి ఖర్చే. గదుల డబ్బు ఏ కుటుంబానికి ఆ కుటుంబం పెట్టుకుని, అందరూ వాడే కేబిన్ అద్దె సమానంగా పంచుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పెద్దవాళ్ల గది అన్నదమ్ములు కలిసి కట్టాలి, ఆ మాట మామయ్యగారి ముందు ఎత్తకండి. వారాంతాలకు గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి, పిల్లల బడి క్యాలెండర్ చూసుకుని ఈ వారమే తేదీలు ఖాయం చేసేయండి. రద్దు చేసుకుంటే డబ్బు ఎప్పటివరకు తిరిగిస్తారో చదివాకే కార్డు నంబరు ఇవ్వండి.