కారు మీద అయిదు యాంటెన్నాలు పెట్టిన మేనకోడలికి

అమ్మాయ్,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కారు పైన అయిదు యాంటెన్నాలు నిలబెట్టావట, వచ్చే ఆదివారం నుంచి రేడియో సిగ్నళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ తిరుగుతానన్నావట. మన ఇంట్లో నా తరవాత ఈ పిచ్చి పట్టింది నీకేనని ఎంత పొంగిపోయానో, 'ఒక్కదాన్నే వెళ్తా, రాత్రిపూటైతే రోడ్డు ఖాళీగా ఉంటుంది' అన్నావని విన్నాక అంత భయమేసింది. ఫోన్ చేస్తే కేకలేస్తానని తెలిసి ఉత్తరం రాస్తున్నాను.

బాక్సు మంచిదే తీసుకున్నావు. సిగ్నల్ వచ్చే దిక్కు చెప్పే ఈ క్రాకెన్‌ఎస్‌డీఆర్‌లో అయిదు రిసీవర్లూ ఒకే క్లాక్ మీద నడుస్తాయి. రిసీవర్లుగా వాడే చిన్న టీవీ డాంగిళ్లు విడివిడిగా అయిదు కొని పక్కపక్కన గుచ్చితే ఈ పని జరగదు. ఒక్కోదాని క్లాక్ ఒక్కో దారిన పోతుంటే, అల ఏ యాంటెన్నాను ముందు తాకిందో, దేన్ని తరవాత తాకిందో పోల్చేదెలా? ఆ పోలికలోంచే కదా దిక్కు పుట్టేది.

కేబుళ్లు అయిదూ ఒకే రకం, ఒకే పొడవు ఉండాలి. బాక్సు తన లోపలి తేడాలను తానే సరిచేసుకుంటుంది, బయట నువ్వు తగిలించిన కేబుల్ సంగతి దానికి తెలియదు. 433 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు కోయాక్స్ కేబుల్‌లో ఒక్క సెంటీమీటరు తేడా ఉంటే ఫేజ్, అంటే అల తన ఊపులో ఏ చోట ఉందో ఆ లెక్క, దాదాపు 8 డిగ్రీలు జరిగిపోతుంది. వలయంగా పెట్టిన వాటిలో పక్కపక్క యాంటెన్నాల మధ్య దూరం సగం తరంగదైర్ఘ్యం దాటకూడదు. 433కి అది సుమారు 34 సెంటీమీటర్లు. దాటితే లేని దిక్కులు కూడా చూపిస్తుంది. మరీ దగ్గరగా పెడితే దిక్కు మసకబారుతుంది. 144 మెగాహెర్ట్జ్‌కి సగం అంటే మీటరు పైమాటే, అంత వలయం కారు మీద పట్టదు. పట్టినంత పెట్టుకో, తేడా ఉంటుందని గుర్తుపెట్టుకో. యాంటెన్నాల వరస సాఫ్ట్‌వేర్ అడిగినట్టే ఉందో లేదో రెండుసార్లు చూసుకో. తిరగేసి పెడితే కుడి ఎడమై కూర్చుంటుంది. సెట్టింగులు నాకంటే నీకే బాగా తెలుసు.

ఇప్పుడు నేను నీకెప్పుడూ చెప్పని సంగతి.

మా రోజుల్లో డాప్లర్ పెట్టె ఉండేది. నాలుగు యాంటెన్నాలను గుండ్రంగా ఒకదాని తరవాత ఒకటి వేగంగా మారుస్తూ, ఒకే యాంటెన్నా గిరగిరా తిరుగుతోందని రిసీవర్‌ను నమ్మించే పద్ధతి. ముందు పలక మీద పదహారు చిన్న లైట్ల వలయం. ఏ లైటు వెలిగితే అటువైపు సిగ్నల్. దాన్ని నా చేతులతో సోల్డర్ చేసుకున్నాను, అందుకని దాని మాట నాకు వేదం. ఒకరు ట్రాన్స్‌మిటర్ దాచిపెడితే మిగతావాళ్లం కార్లలో వెతికే పోటీ అది. పక్క సీట్లో మీ మామయ్య, ఒళ్లో మ్యాప్. స్టీరింగ్ నా చేతిలో.

బయల్దేరిన కాసేపటికి ఎడమవైపు ముందున్న లైటు వెలిగి అక్కడే నిలబడింది. ఊగలేదు, పక్క లైటుకి దూకలేదు. అంత నిలకడగా ఉంటే నిజమే అనుకున్నాను. మీ మామయ్య మాత్రం, "ఆ మిట్ట మీద ఆగి, సిగ్నల్ ఎటునుంచి వస్తోందో చూసి మ్యాప్ మీద ఇంకో గీత గీద్దాం" అన్నారు. వద్దన్నాను. "సిగ్నల్ బలం పెరగడం లేదు చూడు" అని ఇంకోసారి అన్నారు. వినలేదు. మొదట చేరాలన్న ఆత్రం. కళ్లు ఆ లైటుని వదల్లేదు. రోడ్డు కుడికి తిరిగింది, నేను తిరగలేదు. కారు కల్వర్టు పక్కకి జారి ఒరిగిపోయింది. మీ మామయ్య తలుపుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, మణికట్టు విరిగింది. ఇంజిన్ ఆగిపోయాక కూడా ఆ లైటు వెలుగుతూనే ఉంది.

ట్రాన్స్‌మిటర్ ఉన్నది కుడివైపు కొండ వెనకాల. మా రోడ్డుకి కొండ అడ్డం. ఎడమవైపు ఒక పెద్ద ఇనుప నీళ్ల ట్యాంకు ఉంది, దానికి మాత్రం కొండ పక్కనుంచి ఆ సిగ్నల్ నేరుగా తగులుతోంది. అక్కడ కొట్టుకుని మా మీద పడుతోంది. పెట్టె అబద్ధం చెప్పలేదమ్మా. అల మా దగ్గరికి ఎటునుంచి వచ్చిందో అదే చెప్పింది. ఎక్కడ బయల్దేరిందో దానికి తెలియదు. నీ అయిదు యాంటెన్నాల బాక్సుకీ తెలియదు.

ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. చలికాలంలో ఆ చెయ్యి రుద్దుకుంటుంటే నేనే అక్కడ ఉండలేక లేచి వెళ్లిపోతాను.

అందుకని బండి నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు. నీకు బాగా అలవాటయ్యాక కూడా ఒకరు నడపాలి, ఇంకొకరు చూడాలి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఎత్తుగా, ఖాళీగా ఉన్న చోట్లు ముందే మ్యాప్‌లో చూసిపెట్టుకో. వీధుల్లో తీసుకున్న పది గీతల కంటే మిట్ట మీద తీసుకున్న ఒక్క గీత నయం. రెండు గీతలు కలిసే చోట అడ్డంగా, దాదాపు లంబంగా కలవాలి. కత్తెర మొనలా సన్నగా కలిస్తే నమ్మకు. 5 డిగ్రీల తప్పుకే 10 కిలోమీటర్ల దూరంలో దాదాపు 870 మీటర్లు పక్కకి పోతావు. ఇంకోటి, కారు ఎటు చూస్తోందో జీపీఎస్‌కి తెలిసేది కదులుతున్నప్పుడే. ఆగినప్పుడు కారు ముఖం ఎటుందో నువ్వే చెప్పాలి, లేకపోతే మంచి గీతలన్నీ పాడవుతాయి. మొదటి వారం ఎక్కడుందో తెలిసిన ట్రాన్స్‌మిటర్నే వెతుకు. అది దొరక్కపోతే తప్పు ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది.

చివరి రెండు మూడు వందల మీటర్లకి కారు పనికిరాదు. సిగ్నల్ ముంచెత్తి అన్ని దిక్కులూ ఒకేలా కనిపిస్తాయి. గెయిన్, అంటే రిసీవర్ సిగ్నల్‌ని పెంచే మోతాదు, తగ్గించు, దిగి నడువు. చేతి రిసీవర్ని గుండెకి ఆనించి నెమ్మదిగా చుట్టూ తిరిగితే ఒకచోట సిగ్నల్ బాగా పడిపోతుంది. అప్పుడు ట్రాన్స్‌మిటర్ నీ వీపు వెనక ఉన్నట్టు. 145 మెగాహెర్ట్జ్ దాన్ని వెతుకుతుంటే 435 దగ్గర విను. అసలు సిగ్నల్‌తో పాటు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే ఆ మూడో హార్మోనిక్ చాలా బలహీనం, బాగా దగ్గరికి వస్తే గానీ వినపడదు. మొదటిసారి అది వినపడ్డప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, చూడు.

ఎవరో దొంగచాటుగా నడుపుతున్న ట్రాన్స్‌మిటర్ దొరికిందనుకో, వెళ్లి తలుపు కొట్టకు. చోటు రాసుకుని వచ్చేసి అధికారులకి చెప్పు. నీకు తెగింపు ఎక్కువ, మీ నాన్న పోలిక.

ఆదివారం పొద్దున్నే వస్తున్నాం. ఒకే దిక్కు బాగా వినే నా పాత యాగీ యాంటెన్నా, సిగ్నల్ తగ్గించే అటెన్యుయేటర్ తెస్తున్నాను, ఇక అవి నీవే. నువ్వు వెనక సీట్లో స్క్రీన్ చూసుకో, నీ పక్కన మ్యాప్‌తో నేను కూర్చుంటాను. బండి తనే నడుపుతానని మీ మామయ్య అప్పుడే చెప్పేశారు.

మీ అత్త