హక్ నిజంగా మారాడా?

ప్రశ్న: మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’లో నల్లజాతి బానిస జిమ్‌తో స్నేహం వల్ల తెల్ల కుర్రాడు హక్ నిజంగా మారాడా? చివరికి చూస్తే వేసిన గొంగళి అక్కడే ఉన్నట్టుందే?

మారాడు. కానీ మనం ఎదురుచూసే పద్ధతిలో కాదు.

నేను దీన్ని మొదట చదివింది నండూరి రామమోహనరావు గారి తెలుగులో, బడి రోజుల్లో. అప్పట్లో నాకు పట్టింది తెప్ప, నది, దొంగలు, అంతే. ఇప్పుడు మేముండేది అమెరికాలో. మా అబ్బాయికి క్లాసులో ఈ పుస్తకం పెడితే రాత్రిళ్లు ఇద్దరం కలిసి చదివాం. వాడికి మొదట్లోనే చిరాకొచ్చింది. “బానిసత్వం తప్పని వీడికి ఒక్కసారైనా తట్టదేంటి నాన్నా?”

తట్టదు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు, కథ మొదలయ్యే మిస్సోరీ రాష్ట్రంలో బానిసత్వం చట్టబద్ధం. మనిషి ఒకరి ఆస్తి, అతను పారిపోతుంటే సాయం చేయడం దొంగతనం, పాపం అనే హక్‌కి నూరిపోశారు. యజమానురాలు తనను 800 డాలర్లకు న్యూ ఆర్లియన్స్‌కు అమ్మేస్తుందేమోనని జిమ్ పారిపోతాడు. తాగుబోతు తండ్రి దెబ్బలు పడలేక హక్ పారిపోతాడు. ఇద్దరూ కలిసేది మిస్సిసిపీ మధ్యలో ఒక లంక మీద.

నా లెక్కన అసలు మలుపు, ఇద్దరూ తెప్ప మీద నదిలో పోతున్నప్పుడు వచ్చే పొగమంచు రాత్రి. పడవలో హక్, తెప్ప మీద జిమ్ విడిపోతారు. తెల్లారి హక్ తిరిగొచ్చేసరికి జిమ్ నిద్రపోతుంటాడు. ‘నేనెక్కడికీ పోలేదు, నువ్వు కల గన్నావు’ అని హక్ నమ్మిస్తాడు. పాపం జిమ్ ఆ కలకి అర్థాలు కూడా చెబుతాడు. అప్పుడు హక్ తెప్ప మీద పడ్డ ఆకులూ చెత్తా, విరిగిన తెడ్డూ చూపించి ‘మరి వీటికి అర్థమేంటో’ అంటాడు. జిమ్ కేకలేయడు. నువ్వు పోయావని నా గుండె పగిలింది, ప్రాణాలతో కనబడితే నీ కాళ్లు ముద్దుపెట్టుకోవాలనిపించింది, నువ్వేమో నన్ను వెర్రివాణ్ణి చేద్దామని చూశావు, స్నేహితుడి పరువు తీసేవాళ్లే చెత్త అనేసి లోపలికి వెళ్లిపోతాడు. ఒక బానిస దగ్గరికి వెళ్లి తల వంచడానికి హక్‌కి పావుగంట పడుతుంది. ఆ పావుగంటే నాకు ముఖ్యం. అది వెంటనే జరిగిపోయి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

తర్వాత, దారిలో తెప్ప ఎక్కిన మోసగాళ్లు జిమ్‌ని 40 డాలర్లకు అమ్మేస్తారు. జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ హక్ అతని యజమానురాలికి ఉత్తరం రాస్తాడు, పాపం కడిగేసుకున్నట్టు ఫీలవుతాడు. కానీ తనను నిద్రలేపకుండా తన వంతు కాపలా కూడా జిమ్ కాసిన రాత్రులు గుర్తొస్తాయి. నరకానికైనా పోతానని ఉత్తరం చింపేస్తాడు. తాను మంచిపని చేస్తున్నానని మాత్రం అనుకోడు. సిద్ధాంతం మారలేదు, జిమ్ విషయంలో మనిషి మారాడు.

జిమ్‌ని ఎత్తుకుపోయిన చోటే చదవడం ఆపేయమని అమెరికన్ రచయిత హెమింగ్వే అన్నాడు. నేనొప్పుకోను. పాత స్నేహితుడు టామ్ సాయర్ రాగానే హక్ మళ్లీ వాడి వెనక తోక ఊపడం చాలా నిజం. మనమూ పాత గ్యాంగ్ కలిస్తే అంతేగా! జిమ్‌ని తప్పించే హడావుడిలో టామ్‌కి తూటా తగిలినప్పుడు తన స్వేచ్ఛ పోయినా సరే డాక్టర్ రావాల్సిందే అంటాడు జిమ్. దానికి హక్ ఇచ్చే మెప్పు ఏంటో తెలుసా? జిమ్ లోపల తెల్లవాడేనట! మా అబ్బాయికి ఒళ్లు మండింది. ఆ మాట లేకపోతే మాత్రం నాకు హక్ మీద నమ్మకం కుదిరేది కాదు.